దూకుడు డిఫెన్స్‌కి నడిమధ్యన పడే గండి: లాంగ్ రన్‌లు ఆపడం ఎలా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొన్ని డిఫెన్స్‌ల ఆట చూస్తే ముచ్చటేస్తుంది. స్నాప్ పడగానే, అంటే బంతి వెనక్కి అందించి ఆట మొదలవగానే, నలుగురైదుగురు ఒక్కసారిగా అవతలి బ్యాక్‌ఫీల్డ్‌లోకి దూసుకెళ్తారు. ఫస్ట్ డౌన్‌లో (పది గజాలు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మొదటిది) రన్నర్‌ని గీత (రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడే రేఖ) వెనకే పడగొడతారు. సెకండ్ డౌన్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని (పాస్ విసిరేవాడిని) శాక్ చేస్తారు, అంటే బంతి విసరకముందే పడగొడతారు. ఇక థర్డ్ అండ్ 15, అంటే మూడో ప్రయత్నం, ఇంకా 15 గజాలు కావాలి. స్టాండ్స్‌లో అందరూ లేచి అరుస్తుంటారు. సరిగ్గా అప్పుడే ఆ రన్నర్ బంతి అందుకుని సెంటర్ పక్కనుంచి నేరుగా దూరి, ఒంటి మీద ఒక్క చెయ్యి పడకుండా 60 గజాలు వెళ్లిపోతాడు.

ఒక మ్యాచ్‌లో ఇలా రెండు సార్లు జరిగితే చాలు, రెండు రకాల సలహాలు మొదలవుతాయి. "బ్లిట్జ్‌లు (అదనపు మనుషుల్ని క్వార్టర్‌బ్యాక్ మీదకి పంపడం) మానేసి వెనక్కి తగ్గి ఆడండి" అని కొందరు, "పిల్లలకి టాకిల్ చెయ్యడమే రాదు" అని ఇంకొందరు. ఎక్కువ సందర్భాల్లో రెండూ సరైనవి కావు. దూకుడు తగ్గిస్తే శాక్‌లు పోతాయి, టర్నోవర్లు (బంతి మన చేతికి రావడం) పోతాయి, పిల్లల్లో ఉత్సాహం కూడా పోతుంది. లాంగ్ రన్‌లు మాత్రం అలాగే ఉంటాయి. అసలు తప్పు లెక్కలో ఉంటుంది. ముందుకు దూకినవాడు ఏ సందుకి కాపలా, అతను వదిలి వచ్చిన చోటుకి ఎవరు కాపలా అన్న ప్రశ్నకి మైదానంలో ఉన్న 11 మంది దగ్గరా ఒకే జవాబు లేనప్పుడు మధ్యలో గండి పడుతుంది. ఆ లెక్క సరిచేసుకునే పద్ధతిని ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను.

మిడిల్ స్కూల్, హైస్కూల్ టీమ్‌లకి సాయం చేసే కోచ్‌లని దృష్టిలో పెట్టుకున్నాను. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో మన తెలుగు పిల్లలు కూడా ఈ ఆటలోకి వస్తున్నారు కాబట్టి, శుక్రవారం రాత్రి స్టాండ్స్‌లో కూర్చునే తల్లిదండ్రులకీ అర్థమయ్యేలా ముందు కొన్ని పదాలు వివరిస్తాను.

సందుల పేర్లు, నిలబడే చోట్లు

అఫెన్స్‌లో, అంటే బంతి ఉన్న జట్టులో, గీత మీద ఐదుగురు లైన్‌మెన్ ఉంటారు. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, వాళ్ల పక్కన టాకిల్స్. సెంటర్‌కీ గార్డ్‌కీ మధ్య సందుని ఎ-గ్యాప్ అంటారు. గార్డ్‌కీ టాకిల్‌కీ మధ్యది బి-గ్యాప్. టాకిల్ బయట సి-గ్యాప్. టైట్ ఎండ్ (టాకిల్ పక్కన నిలబడి బ్లాక్ చేసే, పాస్ కూడా అందుకునే ఆటగాడు) కూడా గీత మీద ఉంటే అతని బయట డి-గ్యాప్ వస్తుంది. అంటే టైట్ ఎండ్ లేకపోతే ఆరు సందులు, ఒకడుంటే ఏడు. మధ్యలోంచి పరుగు అంటే ఎ, బి గ్యాప్‌లలోంచి వచ్చేది.

డిఫెన్స్‌లో గీత మీద నిలబడేవాళ్లూ లైన్‌మెనే: లోపలివాళ్లని టాకిల్స్, చివరివాళ్లని ఎండ్స్ అంటారు. వాళ్ల వెనక లైన్‌బ్యాకర్లు, అందరికన్నా లోతులో సేఫ్టీలు, అంచుల్లో రిసీవర్లని (పాస్ అందుకునేవాళ్లని) కాచే కార్నర్లు ఉంటారు. డిఫెన్సివ్ లైన్‌మన్ ఎక్కడ నిలబడాలో నంబర్లలో చెబుతారు. సెంటర్‌కి ఎదురుగా నిలబడితే 0 టెక్నిక్, సెంటర్ భుజం మీద అయితే 1. గార్డ్ లోపలి భుజం మీద 2ఐ, బయటి భుజం మీద 3. టాకిల్ బయటి భుజం మీద 5. టైట్ ఎండ్ బయటి భుజం మీద 9.

ఇంకొక్క విషయం. ఒక గార్డ్ తన చోటు వదిలి లైన్ వెనకనుంచి వేరే వైపుకి పరిగెత్తి బ్లాక్ చేస్తే దాన్ని పుల్ అంటారు. అతను ఎక్కడికి చేరతాడో అక్కడ కొత్తగా ఒక సందు పుడుతుంది. కాగితం మీద ఆరు సందులకి ఆరుగురిని సరిపెట్టినా, పుల్ వచ్చిన క్షణంలో ఆ లెక్క మారిపోతుంది. ట్రాప్, కౌంటర్, పవర్ లాంటి ప్లేల బలమంతా ఇదే.

మొదటి మెట్టు: వీడియో ముందు కూర్చోండి

హడిల్ లాంటి వీడియో యాప్‌లలో మ్యాచ్ వీడియో ఉంటే అందులోంచి 12 గజాలు దాటిన రన్‌లన్నీ విడిగా తీయండి. మధ్యలోంచి వచ్చినవే ముందు చూడండి. వీలైతే గోల్‌పోస్ట్ వెనకనుంచి తీసిన వీడియో వాడండి. పక్కనుంచి తీసిన దాంట్లో ఎ-గ్యాప్‌లో ఏం జరిగిందో కనపడదు.

ఒక్కో ప్లేని బంతి చేతికి అందే క్షణంలో ఆపండి. ఆ ఫ్రేమ్‌లో చూడాల్సినవి ఇవి: మన డిఫెన్సివ్ టాకిల్స్ గీత దాటి ఎంత లోపలికి వెళ్లారు? లైన్‌బ్యాకర్ల పాదాలు ఏ వైపు తిరిగి ఉన్నాయి? బంతి పోబోయే సందులో ఎవరున్నారు, లేకపోతే ఎవరు ఉండాలి? సేఫ్టీ ముందుకు వస్తున్నాడా, వెనక్కి వెళ్తున్నాడా? డౌన్, దూరం, మనం పిలిచిన కాల్ పక్కన రాసుకోండి.

ఇక్కడ ఓపిక కావాలి. వీడియోలో మన కళ్లు తప్పిపోయిన టాకిల్ మీదకే పోతాయి. సేఫ్టీ 12 గజాల దగ్గర కాళ్లు పట్టుకోబోయి కింద పడ్డాడు కాబట్టి తప్పంతా వాడిదే అనిపిస్తుంది. కానీ పూర్తి వేగంతో వస్తున్న రన్నర్‌ని మైదానం నడిమధ్యన, రెండు పక్కలా ఖాళీ ఉన్న చోట ఒక్కడే ఆపడం చాలా కష్టం. ఆ అబ్బాయికి అంత కష్టమైన పని ఎందుకు పడిందన్నది అడగండి.

ఇలా వరసగా చూస్తే ఒక్కో టీమ్‌లో ఒకటి రెండు కారణాలే మళ్లీ మళ్లీ కనపడతాయి. అవి దాదాపుగా ఈ కింద చెప్పే వాటిలోవే.

రెండో మెట్టు: ట్రాప్‌ని గుర్తుపట్టడం నేర్పండి

దూకుడు లైన్‌కి అన్నిటికన్నా పెద్ద శత్రువు ట్రాప్. 3 టెక్నిక్‌లో నిలబడ్డ మన టాకిల్ వేగంగా దూకుతాడని అవతలి కోచ్ రెండు ప్లేల్లోనే పసిగడతాడు. తర్వాత ప్లేకి ఎదురుగా ఉన్న గార్డ్ అతన్ని అసలు తాకడు. పక్కకి తప్పుకుని నేరుగా లైన్‌బ్యాకర్ మీదకి వెళ్లిపోతాడు. మనవాడు సంబరంగా లోపలికి దూసుకెళ్తాడు. ఈలోగా అవతలి వైపు గార్డ్ పుల్ అయి వచ్చి పక్కనుంచి ఢీకొని బయటికి నెట్టేస్తాడు. మన లైన్‌మన్ తనంతట తానే సందు ఖాళీ చేశాడు, మన లైన్‌బ్యాకర్ మీద అదనంగా ఒక బ్లాకర్ పడ్డాడు. రన్నర్‌కి దారి తెరుచుకుంది.

దీనికి 2011 అక్టోబర్ 16న డెట్రాయిట్‌లో జరిగిన లయన్స్, 49ఎర్స్ అనే ప్రొఫెషనల్ టీమ్‌ల మ్యాచ్ చక్కటి ఉదాహరణ. చివర్లో ఇద్దరు హెడ్ కోచ్‌లు జిమ్ హార్బా, జిమ్ ష్వార్ట్జ్ కరచాలనం దగ్గర గొడవపడటం వల్ల ఆ మ్యాచ్ చాలామందికి గుర్తుంది. డిఫెన్స్ నేర్చుకునేవాళ్లకి మాత్రం అందులో వేరే పాఠం ఉంది. అప్పటికి లయన్స్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఎండ్స్‌ని బాగా బయట 9 టెక్నిక్‌లో నిలబెట్టి, మధ్యలో ఎన్డమకాంగ్ సూ లాంటి భీకరమైన టాకిల్‌తో క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకడం వాళ్ల పద్ధతి. 49ఎర్స్ ఆ దూకుడునే వాడుకున్నారు. సూని కావాలనే వదిలేసి, పక్కనుంచి వచ్చి కొట్టే ట్రాప్, వ్యామ్ బ్లాక్‌లు వేశారు. వ్యామ్ అంటే అదే పనిని గార్డ్‌కి బదులు టైట్ ఎండో ఫుల్‌బ్యాకో చెయ్యడం. ఫ్రాంక్ గోర్ ఆ రోజు 141 గజాలు పరిగెత్తాడు. 49ఎర్స్ 25-19తో గెలిచారు. ఎండ్స్ బయట ఉన్నారు, టాకిల్ లోపలికి దూకాడు, మధ్యలో మిగిలింది లైన్‌బ్యాకర్లే. వాళ్ల మీదకి గార్డ్‌లు అడ్డు లేకుండా వచ్చేశారు.

మీ లైన్‌మెన్‌కి మొదట నేర్పాల్సిన మాట ఇది: "నిన్నెవరూ తాకకుండా లోపలికి వచ్చావంటే, నిన్ను కావాలనే రానిచ్చారు." ఆ ఖాళీ తగలగానే అతను మూడు పనులు చెయ్యాలి. అడుగు ఆపాలి. తల లోపలి వైపు, అంటే సెంటర్ వైపు తిప్పాలి. వస్తున్న గార్డ్ మీదకి తనే ముందు వెళ్లాలి. గీత దాటి గజం కన్నా లోతుగా పోకుండా ఉంటే ఇదంతా కుదురుతుంది. రెండున్నర గజాలు వెళ్లిపోయాక ఏం చేసినా లాభం లేదు.

ఆ గార్డ్‌ని ఎలా ఢీకొట్టాలన్నది టీమంతా ఒకే మాట మీద ఉండాల్సిన విషయం. రెండు పద్ధతులున్నాయి. స్పిల్‌లో డిఫెండర్ తన బయటి భుజాన్ని గార్డ్ లోపలి భుజం కిందకి పోనిచ్చి అడ్డం పడతాడు. లోపలి దారి మూసుకుపోయి రన్నర్ బయటికి తిరగాల్సి వస్తుంది. బాక్స్‌లో లోపలి భుజంతో ఢీకొని బయటి చెయ్యి ఖాళీగా ఉంచుకుంటాడు. బంతి లోపలికే మళ్లుతుంది, అక్కడ లైన్‌బ్యాకర్ ఉండాలి.

మధ్యలో గండి పడుతున్న టీమ్‌కి లోపలి లైన్‌మెన్ స్పిల్ చెయ్యడమే మంచిదని నా గట్టి నమ్మకం. బంతి పక్కకి పరిగెత్తే కొద్దీ మిగతావాళ్లకి చేరుకునే సమయం దొరుకుతుంది, సైడ్‌లైన్ కూడా మనకి సాయం చేస్తుంది. నడిమధ్యన దూరిన రన్నర్‌కి మాత్రం రెండు వైపులా ఖాళీయే. అయితే లైన్‌మన్ స్పిల్ చేసి, అది తెలియని లైన్‌బ్యాకర్ లోపలికే దూరితే బయట ఎవరూ ఉండరు. కాబట్టి ఎంచుకున్న పద్ధతిని లైన్ కోచ్ ఒక్కడే నేర్పితే చాలదు, లైన్‌బ్యాకర్లని కూడా అదే డ్రిల్‌లో నిలబెట్టాలి.

డ్రిల్ ఇలా పెట్టండి. సెంటర్, ఇద్దరు గార్డ్‌లు, వాళ్లకి ఎదురుగా ఒక 3 టెక్నిక్, వెనక ఒక లైన్‌బ్యాకర్. కోచ్ డిఫెండర్ వెనక నిలబడి అఫెన్స్‌కి వేళ్లతో సైగ చేస్తాడు. ఒకటంటే గార్డ్ నేరుగా బ్లాక్ చేస్తాడు. రెండంటే సెంటర్‌తో కలిసి డబుల్ టీమ్‌కి పోతాడు. మూడంటే పాస్ బ్లాక్. నాలుగంటే ట్రాప్. మొదట నడకలో, తర్వాత సగం వేగంలో, ఆఖర్లో పూర్తి వేగంలో. డిఫెండర్‌కి తర్వాత ఏదొస్తుందో తెలియకూడదు. వరసగా ట్రాపే వేస్తూ పోతే వాడు ముందే కాచుకుని కూర్చుంటాడు, మ్యాచ్‌లో మాత్రం మళ్లీ దొరికిపోతాడు.

మూడో మెట్టు: ఒకే సందులో ఇద్దరు

ఇది బ్లిట్జ్‌ల వల్ల వచ్చే సమస్య. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం.

అఫెన్స్‌కి టైట్ ఎండ్ లేడు, ఆరు సందులున్నాయి. మనకి నలుగురు లైన్‌మెన్, ఇద్దరు లైన్‌బ్యాకర్లు. రెండు ఎండ్స్ 5 టెక్నిక్‌లో ఉండి రెండు సి-గ్యాప్‌లు చూస్తారు. కుడివైపు 3 టెక్నిక్ తన బి-గ్యాప్ చూస్తాడు. ఎడమవైపు 1 టెక్నిక్ తన ఎ-గ్యాప్ చూస్తాడు. మిగిలినవి కుడి ఎ-గ్యాప్, ఎడమ బి-గ్యాప్. కుడి ఎ-గ్యాప్ మైక్ లైన్‌బ్యాకర్‌ది, ఎడమ బి-గ్యాప్ విల్ లైన్‌బ్యాకర్‌ది (మైక్, విల్ అన్నవి లైన్‌బ్యాకర్ల స్థానాల పేర్లు). ఆరుకి ఆరు సరిపోయాయి.

ఇప్పుడు కోచ్ ఒక స్టంట్ పిలిచాడు. 3 టెక్నిక్ లోపలికి వాలి ఎ-గ్యాప్ తీసుకోవాలి, మైక్ అతని స్థానంలో బి-గ్యాప్‌లోంచి బ్లిట్జ్ చెయ్యాలి. కాగితం మీద లెక్క ఇప్పుడూ సరిగ్గానే ఉంది, ఇద్దరూ సందులు మార్చుకున్నారంతే. కానీ 3 టెక్నిక్‌కి ఎదురుగా బి-గ్యాప్ ఖాళీగా కనిపించింది, అలవాటుగా నేరుగా దూకేశాడు. మైక్ కూడా బి-గ్యాప్‌లోకే వచ్చాడు. ఒకే సందులో ఇద్దరు. కుడి ఎ-గ్యాప్‌లో ఎవరూ లేరు. సెంటర్‌కి బ్లాక్ చెయ్యడానికి దగ్గర్లో మనిషి లేక నేరుగా విల్ మీదకి వెళ్లాడు. బ్లిట్జ్ కాబట్టి సేఫ్టీ కళ్లు తన రిసీవర్ మీద ఉన్నాయి. కబడ్డీలో రైడర్ కాలు అందేలా ఉందని చైన్‌లో ఉండాల్సినవాడు చెయ్యి వదిలి దూకితే ఆ పక్కనుంచే రైడర్ మధ్యగీత దాటిపోతాడు కదా, ఇదీ అలాంటిదే.

దీనికి మందు బ్లిట్జ్ కార్డులు. మీ దగ్గరున్న ప్రతి బ్లిట్జ్‌కి ఒక కార్డు రాయండి. దాని మీద గీతలు, బాణాల కన్నా ముందు సందుల పట్టిక ఉండాలి: ఎడమ సి, ఎడమ బి, ఎడమ ఎ, కుడి ఎ, కుడి బి, కుడి సి, ఒక్కోదానికి ఎదురుగా ఒక్కో మనిషి. ఏ సందుకైనా పేరు లేకపోతే ఆ బ్లిట్జ్‌ని మ్యాచ్‌లో పిలవకండి. క్వార్టర్‌బ్యాక్ కూడా పరిగెత్తే టీమ్ మీద అయితే అఫెన్స్‌కి ఒక బ్లాకర్ అదనంగా దొరుకుతాడు, కాబట్టి కార్డులో సేఫ్టీ పేరు కూడా ఏదో ఒక సందు ఎదురుగా ఉండి తీరాలి.

హైస్కూల్ స్థాయిలో చాలా టీమ్‌ల దగ్గర పిల్లలు మోయగలిగినదాని కన్నా ఎక్కువ బ్లిట్జ్‌లు ఉంటాయి. నాలుగు బాగా వచ్చినవి చాలు. వాటినే వేర్వేరు చోట్లనుంచి, వేర్వేరు సమయాల్లో పంపితే అవతలివాళ్లకి పది ఉన్నట్టు కనపడతాయి.

బ్లిట్జ్ చేసే లైన్‌బ్యాకర్‌కి ఒక సూచన. సందులోంచి వెళ్లేటప్పుడు అతని కళ్లు బంతి మీద ఉండాలి. తల వంచుకుని పరిగెత్తేవాడు రన్నర్ పక్కనుంచే దాటిపోతాడు. అఫెన్సివ్ లైన్‌మెన్ మడమల దాకా వచ్చేసరికి బంతి రన్నర్ చేతిలో ఉందో, క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఉందో తేల్చుకుని మలుపు తీసుకోగలగాలి.

నాలుగో మెట్టు: లైన్‌బ్యాకర్ కళ్లు, మొదటి అడుగు

లైన్‌బ్యాకర్లు గీతకి నాలుగైదు గజాల వెనక నిలబడతారు. మొదటి చూపు బంతి మీద కాదు, ఎదురుగా ఉన్న గార్డ్ మీద ఉండాలి. బ్యాక్‌ఫీల్డ్‌లో ఎన్ని నాటకాలైనా ఆడొచ్చు, గార్డ్ మాత్రం తన పని చెయ్యక తప్పదు. అతని హెల్మెట్ కిందకి వంగి ముందుకొస్తే రన్. హెల్మెట్ పైకి లేచి వెనక్కి జరిగితే పాస్. పుల్ అయితే అతను వెళ్లే వైపుకి బంతి వెళ్తోందని చాలావరకు అనుకోవచ్చు.

దూకుడుగా ఆడే కుర్రాళ్లు బంతి కదిలిన వైపుకి ఒక్కసారిగా పరిగెత్తేస్తారు. రన్నర్ ఒక్క అడుగు ఆగి వెనక్కి కోస్తే వాళ్లు వదిలేసిన చోటే అతనికి దారి. దీన్ని కట్‌బ్యాక్ అంటారు. 1984 జనవరి 22న టాంపాలో జరిగిన 18వ సూపర్ బౌల్‌లో (ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్) మార్కస్ ఆలెన్ 74 గజాల రన్ చూడండి. రైడర్స్ తరఫున అతను ఎడమవైపు పరిగెత్తాడు. వాషింగ్టన్ డిఫెన్స్ అంతా అటే పోయి దారి మూసేసింది, ఒక సేఫ్టీ బ్యాక్‌ఫీల్డ్ దాకా వచ్చేశాడు. ఆలెన్ వెనక్కి తిరిగాడు. మైదానం నడిమధ్యన ఎవరూ లేరు. మూడో క్వార్టర్ ఆఖరి ప్లే అది, రైడర్స్ 38-9తో గెలిచారు. మొదటి ఆలోచనని వాషింగ్టన్ వాళ్లు బాగానే అడ్డుకున్నారు. అందరూ కలిసి అడ్డుకున్నారు, అక్కడే చిక్కొచ్చింది.

అందుకే బంతి వెళ్తున్న వైపు లైన్‌బ్యాకర్‌కి ఒక నియమం, అవతలి వైపు లైన్‌బ్యాకర్‌కి ఇంకో నియమం ఉండాలి. బంతి తన వైపు వస్తుంటే సందుని గీత దగ్గరే పూడ్చాలి. బంతి తననుంచి దూరంగా వెళ్తుంటే పక్క అడుగులతో, భుజాలు గీతకి ఎదురుగా ఉంచుకుని, రన్నర్ కన్నా ఒక అడుగు వెనకగా జరగాలి. రన్నర్ కట్‌బ్యాక్ సందు దాటాడని తేలాకే పూర్తి వేగం. పిల్లలకి ఇది చాలా నెమ్మదిగా అనిపిస్తుంది, తాము ఆటలో లేమని బాధపడతారు. వీడియోలో ఆ స్థానంలో ఉండి కట్‌బ్యాక్‌ని ఆపిన ప్లేలు చూపించండి, టీమ్ అందరి ముందూ మెచ్చుకోండి. మెప్పు శాక్‌లకే దక్కుతుంటే ఎవరూ ఆ పని చెయ్యరు.

డ్రా ప్లే గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పైన చెప్పిన థర్డ్ అండ్ 15 రన్ ఇదే. క్వార్టర్‌బ్యాక్ పాస్‌కి వెనక్కి వెళ్తాడు, లైన్‌మెన్ పాస్ బ్లాక్ చూపిస్తారు, మన రషర్లు రెండు పక్కలా పైకి పోతారు, లైన్‌బ్యాకర్లు వెనక్కి తగ్గుతారు. అప్పుడు బంతి రన్నర్ చేతికి వెళ్తుంది. లైన్‌బ్యాకర్ వెనక్కి వేసే మొదటి రెండు అడుగుల్లో రన్నింగ్ బ్యాక్‌ని చూడాలి. అతను బ్లాక్ కోసం ముందుకు రాలేదు, పాస్ అందుకోవడానికి బయటికీ పోలేదు, క్వార్టర్‌బ్యాక్ పక్కనే ఆగాడంటే డ్రా అనుకోవాలి. లోపలి లైన్‌మెన్ ఇద్దరిలో ఒక్కడైనా గార్డ్ ముందే ఉండి నెట్టాలి, ఇద్దరూ ఒకేసారి పక్కకి తప్పించుకుని పోకూడదు. బంతి తమని దాటిపోతే నిలబడి చూడకుండా వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాలి.

ఐదో మెట్టు: సేఫ్టీ, ఆఖరి మనిషి

12 గజాల రన్ ఏ డిఫెన్స్ మీదైనా వస్తుంది. అది 60 గజాలు అవ్వడం మాత్రం సేఫ్టీ కోణం మీద ఆధారపడుతుంది. జీరో కవరేజ్ పిలిస్తే, అంటే రిసీవర్లందరికీ ఒక్కొక్కరిని కట్టేసి లోతులో ఎవరినీ ఉంచకపోతే, మధ్యలో తప్పించుకున్న రన్నర్‌ని పట్టేవాడే ఉండడు. మీ లైన్ ఇంకా ఎ-గ్యాప్‌లలో తడబడుతున్నన్ని రోజులూ లోతులో ఒక సేఫ్టీ లేకుండా బ్లిట్జ్ పిలవకండి.

సేఫ్టీకి రెండు మాటలు చెప్పండి. రన్నర్‌కి నేరుగా ఎదురెళ్లొద్దు, ఒక పక్కగా వెళ్లి సాయం ఉన్న వైపుకి అతన్ని మళ్లించు. చివరి రెండు మూడు గజాల్లో అడుగులు చిన్నవి చేసుకో, డైవ్ చెయ్యొద్దు. అతను రన్నర్‌ని ఒక్క క్షణం ఆపినా వెనకనుంచి వచ్చేవాళ్లకి చాలు. అందుకే అందరూ పరిగెత్తాలి.

ఆగకుండా పరిగెత్తినా పట్టు సరిగా లేకపోతే ఏమవుతుందో 2011 జనవరి 8న సియాటెల్‌లో కనపడింది. ప్లేఆఫ్ మ్యాచ్‌లో సెయింట్స్ మీద మార్షాన్ లించ్ 17 పవర్ అనే ప్లేలో గీతలోంచి దూరి 67 గజాలు వెళ్లాడు. దారిలో ఒకరి తర్వాత ఒకరు చేతులు వేశారు, ఎవరి చెయ్యీ నిలవలేదు. గ్రెగ్ విలియమ్స్ నడిపిన ఆ సెయింట్స్ డిఫెన్స్ బ్లిట్జ్‌లకి పేరుపడ్డది. సియాటెల్ 41-36తో గెలిచింది. ఆ వీడియో మీ పిల్లలకి తప్పకుండా చూపించండి. చేతులతో పట్టుకోబోయినవాళ్లు ఎలా జారిపోయారో ఒక్కొక్కరి దగ్గరా ఆపి చూపించండి.

టాకిల్ నేర్పేటప్పుడు తల పైకి, కళ్లు ఎదురుగా, భుజంతో తాకి చేతులు చుట్టడం. తలతో గుద్దడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, మెడకీ మెదడుకీ ప్రమాదం. వారానికి ఎంతసేపు ఒంటికి ఒళ్లు తగిలే ప్రాక్టీస్ చెయ్యొచ్చో మీ రాష్ట్ర నిబంధనల్లో చూసుకోండి. ఈ మార్గదర్శిలోని డ్రిల్స్‌లో ఎక్కువ భాగం కింద పడెయ్యకుండానే చేయించొచ్చు.

ప్రాక్టీస్ వారం

శుక్రవారం మ్యాచ్ అనుకుంటే సోమవారం వీడియో, నడకలో సందుల లెక్క. మంగళవారం లోపలి రన్‌ల పీరియడ్ ఎక్కువసేపు పెట్టండి, ఎదుటి టీమ్ ట్రాప్, కౌంటర్ కార్డులతో. బుధవారం డ్రా, స్క్రీన్ (రషర్లని రానిచ్చి వాళ్ల వెనక వేసే చిన్న పాస్), ప్లే యాక్షన్ (రన్ నటించి పాస్ విసరడం) కలిపి. రన్ అని తెలిసి రన్ ఆపడం వేరు, పాస్ రష్ మధ్యలో రన్ ఆపడం వేరు. గురువారం బ్లిట్జ్ కార్డులు ఒక్కొక్కటీ చదువుతూ, ఒక్కో ఆటగాడి చేత తన సందు పేరు గట్టిగా చెప్పించండి. రోజూ ఆఖర్లో పర్స్యూట్ డ్రిల్ ఉండాలి, 11 మందీ బంతి దాకా పరిగెత్తాల్సిందే.

మ్యాచ్‌లో గండి పడితే

ముందుగా సైడ్‌లైన్‌కి వచ్చిన లైన్‌మెన్‌ని అడగండి: "నిన్నెవరు బ్లాక్ చేశారు?" ఎవరూ చెయ్యలేదంటే ట్రాప్. ఇద్దరు చేశారంటే డబుల్ టీమ్, లైన్‌బ్యాకర్ ఖాళీగా ఉండి కూడా రాలేదని అర్థం. గార్డ్ వెనక్కి జరిగాడంటే డ్రా. పై గదిలో ఉన్న కోచ్ కన్నా చాలాసార్లు ఆ పిల్లవాడి జవాబే ముందు దొరుకుతుంది.

ట్రాప్ అయితే 3 టెక్నిక్‌ని లోపలికి జరిపి 2ఐలో పెట్టండి, గార్డ్ అతన్ని వదిలి వెళ్లడం కష్టమవుతుంది. డబుల్ టీమ్ అయితే లైన్‌బ్యాకర్‌ని అరగజం ముందుకు తెచ్చి, చూడగానే పూడ్చమనండి. డ్రా అయితే తర్వాతి థర్డ్ అండ్ లాంగ్‌కి నలుగురితోనే రష్ చేసి, ఒక లైన్‌బ్యాకర్‌ని రన్నింగ్ బ్యాక్ మీదే ఉంచండి.

ఇవేవీ పని చెయ్యకపోతే గీతని మూసేసే అమరిక ఒకటుంది. సెంటర్ మీద ఒకడు, రెండు గార్డ్‌ల బయటి భుజాల మీద ఇద్దరు, అంటే 3, 0, 3. బడ్డీ ర్యాన్ షికాగో బేర్స్‌లో తీర్చిదిద్దిన 46 డిఫెన్స్‌కి పునాది ఇదే. సేఫ్టీ డగ్ ప్లాంక్ జెర్సీ నంబర్ మీదుగా దానికా పేరు వచ్చింది. సెంటర్‌కీ, ఇద్దరు గార్డ్‌లకీ ఎదురుగా మనిషి ఉండటంతో వాళ్లలో ఎవరూ సులభంగా పుల్ అవ్వలేరు, లైన్‌బ్యాకర్ మీదకి ఎగబాకలేరు. మధ్యలో ఉన్న లైన్‌బ్యాకర్ మైక్ సింగిల్‌టరీ స్వేచ్ఛగా తిరిగేవాడు. 1985 సీజన్ చివర 20వ సూపర్ బౌల్‌లో ఆ డిఫెన్స్ మీద పేట్రియాట్స్ మొత్తం కలిపి 7 గజాలే పరిగెత్తారు, బేర్స్ 46-10తో గెలిచారు. అంత దూకుడున్న డిఫెన్స్‌కి మధ్యలో గండి పడకపోవడానికి కారణం ఆ మూడు చోట్లలో మనుషులు ఉండటమే. దీనికి మూల్యం బయట చెల్లించాలి. కార్నర్లు ఒంటరిగా మిగులుతారు, అంచుల్లో మనుషులు తగ్గుతారు. అందుకే మ్యాచ్ అంతా కాకుండా, అవతలివాళ్లు మధ్యలోంచి రావడం మానేదాకా వాడండి.

మనుషులు మారుతున్నప్పుడు 11 మందీ ఉన్నారో లేదో లెక్కపెట్టే బాధ్యత ఒక సహాయ కోచ్‌కి అప్పగించండి. 1983 జనవరి 3న మిన్నెసోటా మీద టోనీ డోర్సెట్ 99 గజాలు పరిగెత్తినప్పుడు అఫెన్స్ వైపే ఒక మనిషి తక్కువ, డాలస్ పది మందితో ఆడింది. అయినా తమ గోల్ లైన్ ముందునుంచి అవతలి గోల్ లైన్ దాకా వెళ్లిపోయాడు. అవతలివాళ్లు గోల్ లైన్‌కి ఆనుకుని ఉన్నప్పుడు సేఫ్టీ (ఇక్కడ ఆటగాడు కాదు, వాళ్ల గోల్ లైన్ వెనకే పడగొడితే వచ్చే రెండు పాయింట్లు) కోసం శాక్ కొట్టాలన్న ఆశతో అందర్నీ గీత మీదకి తెస్తే, మొదటి వరస దాటినవాడికి ఎదురుగా ఇంకెవరూ మిగలరు. ఆ ఒక్క ప్లేలో కూడా లోతులో ఒకణ్ణి ఉంచండి.

లాంగ్ రన్ ఇచ్చిన తర్వాతి సిరీస్ మొదటి ప్లేకి మీ అతి సులువైన బేస్ కాల్ పిలవండి. పిల్లలు టెన్షన్‌లో ఉంటారు, అందరికీ తెలిసిన ఒక ప్లే ఆడి ఒక టాకిల్ చేస్తే కుదుటపడతారు. రెండో ప్లేనుంచి మళ్లీ బ్లిట్జ్ పంపొచ్చు.